కారు సీట్లు, రక్షణ సాధనాలు, పవర్ నియంత్రణలు

కారులో మనిషి ఒంటికి నేరుగా సంబంధమున్నవి కూర్చునే సీట్లు, ప్రమాదంలో కాపాడే బెల్టులు, ఎయిర్‌బ్యాగులు, స్విచ్చు నొక్కితే మోటారుతో పనిచేసే అద్దాలు, తాళాలు, సర్దుబాట్లు. షోరూములో ఇవన్నీ వేర్వేరు సౌకర్యాలుగా కనిపిస్తాయి. తయారు చేసేవారు మాత్రం వీటిని ఒకే అమరికగా చూస్తారు. బెల్టు ఒంటి మీద ఎక్కడ బిగియాలి, ఎయిర్‌బ్యాగ్ ఎంత దూరంలో విచ్చుకోవాలి, తల వెనక ఆసరా ఎంత ఎత్తున ఉండాలి అన్న లెక్కలన్నీ మనిషి సీట్లో ఒక పద్ధతిలో కూర్చున్నాడనే ఊహ మీద వేసినవే. ఆ పద్ధతి తప్పితే ఆరు ఎయిర్‌బ్యాగులున్న కారు కూడా ఇవ్వాల్సిన రక్షణ ఇవ్వలేదు. అందుకే ఈ వ్యాసం ఎయిర్‌బ్యాగుతో కాక సీటుతో మొదలవుతుంది.

కూర్చునే తీరు

పాత అంబాసిడర్లలో, ప్రీమియర్ పద్మినుల్లో ముందు సీటు పొడవాటి బల్లలా ఉండేది. గేరు కడ్డీ స్టీరింగ్ పక్కన ఉండడంతో ముందు కూడా ముగ్గురు సర్దుకుని కూర్చునేవారు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800తో విడివిడి ముందు సీట్లు, వాలు మార్చుకోగల బ్యాక్‌రెస్టులు మధ్యతరగతి ఇళ్లకు అలవాటయ్యాయి. ఇప్పుడు చాలా కార్లలో డ్రైవరు సీటు ఎత్తు, స్టీరింగ్ ఎత్తు, బెల్టు పైకొస ఎత్తు కూడా మార్చుకోవచ్చు. ఇంట్లో నలుగురు నడిపే కారులోనూ ఎవరూ వాటి జోలికి పోకపోవడం వేరే సంగతి.

సర్దుబాటుకు ఒక వరస ఉంది. ముందు నడుము కిందిభాగం సీటు మూలకు పూర్తిగా ఆనేలా వెనక్కి జరిగి కూర్చోవాలి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటును జరుపుకోవాలి. క్లచ్ లేని కారులో బ్రేకును ఇలాగే చూసుకోవాలి. కాలు కర్రలా చాపి తొక్కాల్సి వస్తే గట్టి బ్రేకు పడదు, ఢీకొన్నప్పుడు ఆ దెబ్బంతా తుంటి దాకా పాకుతుంది. తర్వాత బ్యాక్‌రెస్ట్. భుజాలు దానికి ఆనించి చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద వాలాలి. ఛాతీకీ స్టీరింగ్ మధ్యభాగానికీ కనీసం 25 సెం.మీ. ఎడం ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి కావలసిన చోటు అది. పొట్టివాళ్లు రోడ్డు కనిపించడం కోసం సీటును ముందుకు లాగేస్తారు. ముందు ఎత్తు పెంచుకుని చూడడం మేలు. మెత్త వేసుకుని ఎత్తు పెంచుకుంటే బెల్టు కింద ఒళ్లు జారుతుంది కాబట్టి సీటు మీటతోనే పెంచుకోవాలి. పక్క అద్దాలు, లోపలి అద్దం ఇవన్నీ అయ్యాకే సర్దుకోవాలి.

స్టీరింగును గడియారంగా ఊహించుకుని చేతులు పది, రెండు అంకెల దగ్గర పెట్టమని పాత డ్రైవింగ్ స్కూళ్లు నేర్పేవి. ఎయిర్‌బ్యాగులు వచ్చాక ఆ సలహా తొమ్మిది, మూడుకు దిగింది. సంచి పైకి చీల్చుకుని వచ్చేటప్పుడు ఎత్తులో ఉన్న చేతులు మొహం మీదకే ఎగురుతాయి.

తల వెనకున్న హెడ్‌రెస్ట్ పేరుకే విశ్రాంతిది. వెనక నుంచి ఇంకో బండి గుద్దితే ఒళ్లు సీటుతో పాటు ముందుకు కదులుతుంది, తల మాత్రం వెనకబడి మెడ విరుచుకుంటుంది. ఆ విరుపును ఆపడమే దీని పని. అమెరికాలో 1969 నుంచి కొత్త కార్ల ముందు సీట్లకు ఇది తప్పనిసరి అయింది. సాబ్ కంపెనీ 1997లో దెబ్బ తగలగానే దానంతటదే తల దగ్గరకు కదిలే హెడ్‌రెస్టును, మరుసటేడు వోల్వో ఒంటితో పాటు వెనక్కి ఒరిగే సీటును తెచ్చాయి. మామూలు కారులో మనం చేయగలిగింది చిన్న పనే. హెడ్‌రెస్ట్ పైఅంచు నడినెత్తి ఎత్తుకు రావాలి, తలకూ దానికీ మధ్య ఎడం వీలైనంత తక్కువ ఉండాలి. మెడ దగ్గరకు దిగిపోయిన హెడ్‌రెస్ట్ తలకు ఆసరా కాకపోగా, మెడ వెనక్కి విరగడానికి ఇరుసుగా మారుతుంది.

తిరుపతికో శ్రీశైలానికో రాత్రి ప్రయాణాల్లో డ్రైవరు పక్కన కూర్చున్నవారు సీటు పడకలా వాల్చి నిద్రపోతుంటారు. అప్పుడు భుజం పట్టీ ఛాతీకి దూరంగా గాలిలో వేలాడుతుంది. ప్రమాదంలో నడుము పట్టీ కింద నుంచి ఒళ్లు ముందుకు జారుతుంది, పట్టీ కటి ఎముక వదిలి మెత్తటి పొట్టలోకి దిగుతుంది. కాళ్లు డాష్‌బోర్డు మీద పెట్టుకుంటే ఇంకా దారుణం. ఎయిర్‌బ్యాగ్ ఆ మోకాళ్లను మొహం మీదకు విసురుతుంది.

బెల్టు

మూడు చోట్ల బిగిసే సీటు బెల్టును ఇప్పుడున్న రూపంలో తయారు చేసింది స్వీడన్ ఇంజినీరు నిల్స్ బోలిన్. వోల్వోలో చేరక ముందు ఆయన సాబ్‌లో యుద్ధవిమానాల నుంచి పైలట్లను బయటికి విసిరే సీట్ల మీద పనిచేశారు. మనిషిని బయటికి పంపడం తెలిసినవాడికి లోపల పట్టి ఉంచే పని అప్పగించారన్నమాట. అప్పటికి వాడుకలో ఉన్నవి నడుముకు కట్టే పట్టీలు. అవి పొట్టను నలిపేవి, తలను స్టీరింగ్ మీదకు వదిలేసేవి. ఒక పట్టీ నడుము మీదుగా, ఒకటి ఛాతీ మీదుగా వచ్చి రెండూ తుంటి పక్కన ఒకే చోట కలిసేలా, ఒంటిచేత్తో పెట్టుకునేలా బోలిన్ 1959లో రూపొందించారు. వోల్వో ఆ పేటెంటును మిగతా కంపెనీలకూ వదిలేసింది. బెల్టు పెట్టుకోవడాన్ని చట్టంతో తప్పనిసరి చేసిన తొలి ప్రాంతం ఆస్ట్రేలియాలోని విక్టోరియా, 1970లో.

మెల్లగా లాగితే వచ్చే బెల్టు ఒక్కసారి గుంజితే ఆగిపోవడానికి కారణం తలుపు పక్కనున్న స్తంభం లోపలి రీలు. అందులో చిన్న గుంటలో ఒక ఉక్కు గుండు ఉంటుంది. కారు హఠాత్తుగా ఆగితే గుండు గుంటలోంచి పక్కకు దొర్లి ఒక చిన్న కొక్కేన్ని పైకి లేపుతుంది, అది రీలు పళ్లలో పడి చుట్ట తిరగకుండా పట్టేస్తుంది. పట్టీని జోరుగా లాగినా పడిపోయే ఇంకో తాళం కూడా ఉంటుంది. బాగా ఏటవాలుగా ఆపిన కారులో బెల్టు బిగుసుకుపోయి రాకపోవడం చాలామంది చూసే ఉంటారు. అది చెడిపోవడం కాదు, గుండు దొర్లిందంతే. చదునైన చోటికి తెస్తే మళ్లీ వస్తుంది.

కొత్త కార్లలో దీనికి ప్రీటెన్షనర్ తోడైంది. ఢీకొన్న క్షణంలో చిన్న మందు పేలి ఆ వాయువుతో బెల్టులో వదులంతా వెనక్కి లాగేస్తుంది. ఆ తర్వాత ఛాతీ ఎముకలు విరగకుండా, ఒక హద్దు దాటిన బలం పడితే బెల్టును కొద్దికొద్దిగా వదిలే అమరిక కూడా ఉంటుంది. మందు ఒకసారి పేలిందంటే ఆ బెల్టు పని అయిపోయినట్టే. ప్రమాదానికి గురైన సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు పెయింటు కన్నా ముందు అడగాల్సింది దీన్ని మార్చారా అని.

పెట్టుకునే పద్ధతి సులభమే. కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద బిగియాలి. పై పట్టీ మెడకు రాసుకోకుండా, భుజం నుంచి జారకుండా కాలర్ ఎముక మధ్య మీదుగా పోవాలి. గర్భిణులకూ ఇదే పద్ధతి, కింది పట్టీ పొట్ట కిందుగా, పైది రొమ్ముల మధ్య నుంచి. పై పట్టీని చంక కిందుగా దోపుకోవడం మాత్రం బెల్టు లేకపోవడమంత ప్రమాదం, అది పక్కటెముకలను లోపలి అవయవాల మీదకు నొక్కుతుంది.

బెల్టు ఎందుకన్న ప్రశ్నకు చిన్న లెక్క చాలు. గంటకు 50 కి.మీ. వేగంతో పోతున్న కారు గోడను గుద్ది, ముందు భాగం నలుగుతూ అర మీటరులో ఆగిందనుకుందాం. లోపలి మనిషి మీద పడే బలం అతని బరువుకు దాదాపు 20 రెట్లు. 70 కిలోల మనిషి అప్పుడు 1,400 కిలోల లెక్క. చేతులతో స్టీరింగును గట్టిగా పట్టుకుంటానన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

వెనక సీటు సంగతి మన దేశంలో వేరుగా చెప్పుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం వెనక కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవాలి. చట్టంలో 2019లో చేర్చిన 194బి సెక్షను ప్రకారం తప్పితే 1,000 రూపాయల జరిమానా. అయినా వెనక సీట్లో బకిల్స్ కవరు కిందే దాగి ఉండే కార్లు కోకొల్లలు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ, ఆయన పక్కనున్న మిత్రుడు చనిపోయారు. ఇద్దరూ వెనక సీట్లో బెల్టు లేకుండా ఉన్నారు. ముందున్న ఇద్దరూ గాయాలతో బతికారు. ముందు సీటు విషయానికొస్తే, 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లాలో జరిగిన ప్రమాదంలో నటుడు, మాజీ ఎంపీ నందమూరి హరికృష్ణ స్వయంగా కారు నడుపుతూ మరణించారు. ఆయన బెల్టు పెట్టుకోలేదన్న మాట అప్పట్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చర్చకు వచ్చింది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాద మృతులు 1,68,491 మంది. బెల్టు లేక చనిపోయినవారు 16,715 మంది, వారిలో డ్రైవర్లు 8,384, మిగతా 8,331 మంది ప్రయాణికులు. దాదాపు సగం సగం.

వెనకవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే నష్టం వాళ్లకే అనుకోవడం పొరపాటు. వాళ్ల బరువంతా వచ్చి పడేది ముందు సీటు వీపు మీదే. హెచ్చరిక కూత వినపడకుండా బకిల్లో దోపే ఉత్త క్లిప్పులు మరో విచిత్రం. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అంగళ్ల మీద చర్య తీసుకుని ఇలాంటి 13,118 సరుకుల ప్రకటనలు తీయించింది.

ఎయిర్‌బ్యాగ్

ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు ప్రత్యామ్నాయం కాదు, తోడు. అమెరికాలో జాన్ హెట్రిక్ 1953లో దీనికి పేటెంటు పొందారు కానీ, అప్పట్లో ఢీకొన్న సంగతిని తగినంత వేగంగా పసిగట్టే సెన్సర్లు లేవు. 1960ల చివర్లో అలెన్ బ్రీడ్ వంటివారు ఆ చిక్కు విప్పాక, 1970ల్లో కొన్ని అమెరికన్ కార్లలో, 1980ల మొదట్లో మెర్సిడెస్ ఎస్‌-క్లాస్‌లో ఇవి వచ్చాయి. సంచి ఉబ్బడానికి పట్టేది సుమారు 30 మిల్లీసెకన్లు. రెప్పపాటుకు అంతకు మూడింతలు పైనే పడుతుంది. నిండగానే వెనక రంధ్రాల గుండా గాలి వదిలేస్తూ తలను మెల్లగా ఆపుతుంది. ఆ తర్వాత కారంతా కమ్మే తెల్లని పొడి, ఘాటు వాసన చూసి కారు తగలబడుతోందని జనం కంగారుపడతారు. చాలావరకు అది సంచి మడతలు అంటుకోకుండా చల్లిన పొడి, వాయువు మండిన అవశేషమే.

ఇంత వేగంతో వచ్చే సంచి దగ్గరున్నవారిని గాయపరుస్తుంది. బెల్టు లేని మనిషి బ్రేకు పడగానే ముందుకు వచ్చేసి సంచి విచ్చుకునే చోటులోనే ఉంటాడు. బెల్టు పెట్టుకోకపోతే ఎయిర్‌బ్యాగ్ అసలు తెరుచుకోదని వాట్సాప్‌లో తిరిగే మాట అన్ని కార్లకూ వర్తించదు. చాలా కార్లలో తెరుచుకుంటుంది, ముప్పు అక్కడే ఉంది.

మన వాడుకలో ఎయిర్‌బ్యాగులకు అడ్డుపడేవి మూడున్నాయి. డాష్‌బోర్డు మీద ఎడమవైపు, సంచి మూత ఉన్నచోటే జిగురుతో అతికించిన వినాయకుడు మొదటిది. మూత తెరుచుకుంటే ఆ విగ్రహం ఎదుటివారి మొహం మీదకే వస్తుంది. దేవుణ్ని మధ్యకు జరిపితే భక్తికి లోటుండదు. రెండోది సీటు కవరు. పక్క ఎయిర్‌బ్యాగులు చాలా కార్లలో ముందు సీటు బ్యాక్‌రెస్ట్ అంచులో ఉంటాయి, అక్కడ చిన్న గుడ్డ ముక్క మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటుంది. దాని మీద దళసరి రెగ్జిన్ కవరు కుట్టించి బిగిస్తే సంచి బయటికి రావడానికి దారి ఉండదు. ఆ అంచున తేలిగ్గా చిరిగే కుట్టున్న కవర్లే వేయించుకోవాలి. మూడోది ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డు. దెబ్బ సెన్సర్లకు చేరే తీరును, కారు ముందు భాగం నలిగే తీరును అది మారుస్తుంది. కేంద్రం 2017 డిసెంబరులో వీటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది.

ఎయిర్‌బ్యాగే ప్రాణం తీసిన సందర్భమూ ఉంది. జపాన్ కంపెనీ తకాతా తయారు చేసిన ఇన్‌ఫ్లేటర్లలోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, ఉక్కకు చెడి, పేలినప్పుడు లోహపు డబ్బాను ముక్కలు చేసి లోపలికి చిమ్మింది. చరిత్రలోనే అతిపెద్ద వాహన రీకాల్‌కు అది దారితీసింది, కంపెనీ 2017లో దివాళా తీసింది. భారత్‌లోనూ కార్లను వెనక్కి పిలిచారు. పాత కారు కొన్నవారు చాసిస్ నంబరుతో కంపెనీ దగ్గర రీకాల్ వివరం అడగవచ్చు.

భారత్‌లో 2019 జులై 1 నుంచి తయారైన కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, ముందు సీట్లకు బెల్టు హెచ్చరిక, వెనక పార్కింగ్ సెన్సర్లు, గంటకు 80 కి.మీ. దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆపకుండా మోగే వేగ హెచ్చరిక తప్పనిసరయ్యాయి. డ్రైవరు పక్కసీటు ఎయిర్‌బ్యాగ్ 2021లో చేరింది. ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదనను వాయిదా వేసి, 2023లో విరమించుకున్నారు. ఆ ఏడే అక్టోబరు 1న, కార్లను గుద్దించి చూసి స్టార్లిచ్చే భారత్ ఎన్‌క్యాప్ మొదలవడంతో కార్లకు స్టార్ల పోటీ పెరిగి, చట్టం చేయని పనిని బజారు చేస్తోంది. ఈ స్టార్ల రుచి మనకు మొదట చూపింది గ్లోబల్ ఎన్‌క్యాప్. 2014లో ఆ సంస్థ పరీక్షించిన చిన్న కార్లకు సున్నా వచ్చింది. 2018లో టాటా నెక్సాన్ అయిదు స్టార్లు తెచ్చుకుంది.

పిల్లలు

పెద్దల బెల్టు పిల్లలకు మెడ మీద, పొట్ట మీద పడుతుంది. అందుకే వయసుకు తగ్గ విడి సీట్లు. పసివాళ్ల తల ఒంటితో పోలిస్తే బరువు, మెడ బలహీనం. వారి సీటు వెనక్కి చూసేలా బిగించాలి. ఎదురుగా పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో అలాంటి సీటు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. చాలా కార్లలో వెనక సీటు సందులో ఐసోఫిక్స్ అనే ఉక్కు కొక్కేలుంటాయి, పిల్లల సీటు వాటికి టక్కున పడుతుంది. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోయినా 194బి కిందే జరిమానా.

మన ఇళ్లలో పాప చోటు అమ్మ ఒడి. పైన వేసిన లెక్క ప్రకారం 10 కిలోల పాప ఆ క్షణంలో 200 కిలోలవుతుంది, ఏ తల్లి చేతులూ పట్టలేవు. సన్‌రూఫ్‌లోంచి పిల్లల్ని నిలబెట్టి గాలి తినిపించడం ఈ మధ్య వచ్చిన సరదా. అక్కడ నిలబడ్డ పిల్లాడికి గట్టి బ్రేకు ఒక్కటి చాలు, వేరే ప్రమాదం అక్కర్లేదు.

స్విచ్చులు, మోటార్లు

పవర్ అద్దాలు 1940లో అమెరికా కంపెనీ ప్యాకార్డ్ కార్లలో నూనె ఒత్తిడితో పనిచేసేలా వచ్చాయి. ఇప్పుడున్నవి తలుపు లోపలి 12 వోల్టుల మోటారు, మరచుట్టు గేరు, తీగతో నడుస్తాయి. మరచుట్టు గేరు ఒకవైపు నుంచే తిరుగుతుంది కాబట్టి అద్దాన్ని చేత్తో కిందికి నొక్కినా దిగదు. పదేపదే ఎక్కించి దించితే మోటారు వేడెక్కి కాసేపు మొరాయిస్తుంది, కాసేపు వదిలేస్తే కోలుకుంటుంది. బ్యాటరీ తీసి పెట్టాక ఒక్క నొక్కుకు ఎక్కే అద్దం ఎక్కకపోతే చాలా కార్లలో దాన్ని పూర్తిగా మూసి, స్విచ్చు కొన్ని సెకన్లు పట్టి ఉంచితే కొలత మళ్లీ గుర్తుపెట్టుకుంటుంది.

ఒక్క నొక్కుకు తనంతట తానే ఎక్కే అద్దానికి అడ్డం తగిలితే వెనక్కి దిగే గుణం ఉండాలి. అమెరికా ప్రమాణం ప్రకారం అడ్డొచ్చిన దాని మీద 100 న్యూటన్ల బలం పడక ముందే అద్దం తిరగాలి. నొక్కి పట్టుకుంటేనే ఎక్కే అద్దాలకు మన చవక కార్లలో ఈ గుణం లేకపోవచ్చు, వేలో మెడో ఇరుకుతుంది. స్విచ్చును పైకి లాగితేనే అద్దం ఎక్కేలా చేయడానికి కారణం, పిల్లాడు మోకాలు ఆనించినా అద్దం దిగాలే తప్ప ఎక్కకూడదని. డ్రైవరు తలుపు మీదున్న లాక్ బటన్ నొక్కి వెనక అద్దాలను ఆపేయడం పిల్లలున్న కారులో మొదటి పని.

తాళాల వల్ల వచ్చే ప్రమాదం ఆగి ఉన్న కారులో. 2025 మేలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు పిల్లలు తలుపులు తెరుచుకోక లోపలే చనిపోయారు. మూసిన కారులో వేడి ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుంది, అద్దం రెండు వేళ్లు దించినా పెద్ద తేడా ఉండదు. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపలి పిడి పనిచేయదు. ముందు తలుపులకు ఆ తాళం ఉండదు, చాలా కార్లలో తాళం చెవి లేకపోయినా హారన్ మోగుతుంది. ముందు సీట్లోకి దూకాలని, హారన్ నొక్కుతూనే ఉండాలని పిల్లలకు నేర్పాలి. కరెంటు పోయినా సెంట్రల్ లాకును చేత్తో తీయగలిగే ఏర్పాటు కూడా 2019 నుంచి తప్పనిసరి.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువ గట్ల మీద నడిపేవారికి ఇంకో జాగ్రత్త. కారు నీళ్లలో పడితే బయటి ఒత్తిడికి తలుపు రాదు. మొదటి నిమిషంలోనే బెల్టు విప్పి, మోటారు ఇంకా పనిచేస్తుండగా పక్క అద్దం దించి బయటపడాలి. ముందు అద్దం పొరలది, పగిలినా విడిపోదు. చిన్న సుత్తితో పక్క అద్దం మూల మీద కొట్టాలి. హెడ్‌రెస్ట్ చువ్వలను అద్దం పగలగొట్టడానికే పెట్టారన్నది కట్టుకథ.

పవర్ సీట్లలో మెర్సిడెస్ 1980ల ఎస్‌-క్లాస్ తలుపు మీద పెట్టిన స్విచ్చును చెప్పుకోవాలి. అది చిన్న సీటు ఆకారంలోనే ఉంటుంది, ఏ భాగం కదపాలంటే ఆ భాగాన్ని నొక్కాలి. వస్తు రూపకల్పన మీద రాసిన డోనాల్డ్ నార్మన్ దీన్ని మంచి ఉదాహరణగా చూపారు. సీటులోంచి గాలి వచ్చే సౌకర్యం 1990ల చివర్లో సాబ్ 9-5తో మొదలై, మన ఎండలకు బాగా నప్పింది. పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో వచ్చిన సెల్టోస్ వంటి కార్లతో ఇది మధ్యతరహా ధరకు దిగింది. ఈ సీట్ల మీద మామూలు కవరు వేయిస్తే డబ్బు పెట్టి కొన్న గాలి కవరు కిందే ఉండిపోతుంది.

బటన్ స్టార్ట్ కార్లలో నడుస్తుండగా ఇంజిను ఆపాల్సి వస్తే బటన్‌ను ఒకసారి తట్టితే చాలదు. చాలా కార్లలో మూడు సెకన్ల దాకా నొక్కి పట్టుకోవాలి. హ్యాండ్ బ్రేకు స్థానంలో వచ్చిన ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు స్విచ్చునూ అలా పట్టి లాగితే చాలా కార్లలో అత్యవసర బ్రేకుగా పనిచేస్తుంది. ఏసీ నుంచి వైపర్ల దాకా అన్నీ టచ్ స్క్రీన్‌లోకి చేరుతున్న ధోరణికి యూరప్‌లో అడ్డుకట్ట పడుతోంది. ఇండికేటర్లు, హారన్, వైపర్లు, హజార్డ్ లైట్లకు చేతికి తగిలే మీటలు లేకపోతే 2026 నుంచి పూర్తి మార్కులివ్వబోమని యూరో ఎన్‌క్యాప్ చెప్పింది. ఆ హజార్డ్ లైట్లు ఆగిపోయిన బండిని చూపడానికి. కూడలిలో నేరుగా పోతున్నామని చెప్పడానికి, వానలో నడుపుతూ వేసుకోవడానికి కావు. అవి వెలుగుతుండగా ఇండికేటర్ వేసినా ఏ వైపు తిరుగుతున్నారో వెనక వచ్చేవారికి తెలియదు.